టోపీ కింద రాలిన జుట్టు

ఇవాళ పొద్దున తలంటుకుని దువ్వుకుంటే దువ్వెనకు ఏడు వెంట్రుకలు వచ్చాయి. ఏడే. లెక్కపెట్టే అలవాటు ఇంకా పోలేదు. జుట్టు రాలడం కూడా ఒక జబ్బేనా, దాని మీద రాసేదేముందని మా ఇంట్లోనే నవ్వేవాళ్ళున్నారు. నవ్వనివ్వండి. జ్వరంతో మంచాన పడ్డప్పుడు నన్ను చూడ్డానికి వాడకట్టంతా వచ్చింది. జుట్టు రాలినప్పుడు మాత్రం అందరూ నా నెత్తి వైపు చూసి పక్కకు తిరిగి మాట్లాడుకున్నారు. జ్వరం కన్నా అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇంకెవరైనా అదే భయంలో ఉంటే పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నా గుండె కుదుటపడడానికి కూడా అనుకోండి.

తొంభైల నడుమ సంగతి. మాది భానూర్ వైపు. అత్తగారింట్లో రెండెకరాల పొలం, మా ఆయన నర్సింలు పటాన్‌చెరులో లేత్ మిషన్ మీద పని. నేను ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ హాల్లో చేసేదాన్ని. మా రెండిళ్ళలో కంపెనీ గేటు దాటిన మొదటి ఆడదాన్ని నేనే. ఒక పొడవాటి బల్ల చుట్టూ పన్నెండు మందిమి కూర్చుని, పది మాత్రల పట్టీలను ఒక్కో డబ్బాలో పెట్టి మూత వేయాలి. వినడానికి సులువే. కానీ మేమంతా టెంపరరీ. మూడేళ్ళుగా రోజూ పొద్దున గేటు బయట నిలబడేదాన్ని. వాచ్‌మన్ చీటీ చూసి పేరు పిలిస్తే లోపలికి, పిలవకపోతే ఇంటికి. పెళ్ళయిన ఆడది అలా రోడ్డు మీద నిలబడి ఎవరో పిలుస్తారేమోనని చూడడం ఎంత చిన్నతనమో నిలబడ్డవాళ్ళకే తెలుసు.

ఆ ఏడు అయిదుగురిని పర్మనెంట్ చేస్తామన్నారు. "నీ పేరు పంపించాను సుగుణా. ఉగాది లోపల కాగితం వస్తుంది. ఈలోగా ఏ తప్పూ చెయ్యకు" అని మా లైన్ ఇన్‌ఛార్జ్ రాజ్యలక్ష్మి మేడం చెప్పింది. ఆమెది గుంటూరు వైపు. భర్తకు ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం వస్తే కాపురం ఇటు మార్చుకున్నారు. నవ్వదు, తిట్టదు, ఒక్క చూపు చూస్తుందంతే. ఆ చూపుకే మేం పన్నెండు మందిమీ సర్దుకుని కూర్చునేవాళ్ళం.

మందుల కంపెనీలో వెంట్రుక అంటే బియ్యంలో రాయి కాదు, ఏరి పారేసి ఊరుకోవడానికి. ఒక్కటి దొరికితే ఆ పూట కట్టిన డబ్బాలన్నీ విప్పి మళ్ళీ చూడాలి. అందుకే లోపలికి పోయే ముందు చెవుల దాకా టోపీ పెట్టుకోవాలి. మేడం మా భుజాల మీద వెడల్పు టేపు అంటించి సర్రున లాగేది. ఆ టేపుకు అంటిన వెంట్రుకలు చూసి పక్కన పారేసేది. నాకు మోకాళ్ళ దాకా జడ ఉండేది. అయినా మూడేళ్ళలో నా టేపు ఎప్పుడూ ఖాళీగానే వచ్చేది.

వైశాఖంలో టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు మంచం మీదే ఉన్నాను. తగ్గింది, పనిలోకి పోయాను, మరిచిపోయాను.

శ్రావణంలో మొదలైంది. ఒక ఆదివారం తలంటుకుంటే వేళ్ళ సందుల్లో వెంట్రుకలు చుట్టుకుని వచ్చాయి. నీళ్ళు పోసిన కొద్దీ వచ్చాయి. మోరీ తూము నల్లగా మూసుకుపోయింది. నేను వంగి అవి తీస్తూ, ఇంకా తీస్తూ, చివరికి అక్కడే కూలబడ్డాను. మర్నాడు మేడం నా భుజం మీద టేపు లాగి, దాన్ని చూసి, నన్ను చూసింది.

మా దిక్కు ఆడవాళ్ళు దువ్వుకున్న వెంట్రుకలు పారేయరు. ఉండ చుట్టి చూరులో దోపుతారు. రెండు మూడు నెలలకోసారి పూసలమ్మే ఆమె గంప నెత్తిన పెట్టుకుని వస్తే ఆ ఉండలిచ్చి సూదులో పిన్నీసులో తీసుకుంటారు. ఆ నెల ఆమె వచ్చినప్పుడు నా ఉండ ఇచ్చాను. ఆమె చేతిలో పట్టుకుని బరువు చూసింది. తర్వాత నాలుగు వెంట్రుకలు లాగి, కొసలు వెలుగుకు పెట్టి చూసింది.

"గింత జుట్టు ఒక్క నెలలనేనా? అన్నీ ఏర్లతోటి ఊడినయే బిడ్డా. మొన్న ఎండకాలం జరం గిట్ల వచ్చిందా నీకు?"

"వచ్చింది. అది ఎప్పుడో తగ్గింది గదా."

"జరం ముందుగాల పోతది, ఎంట్రుకలు ఎన్కకెల్లి పోతయి. బాలెంతలకు గూడ గంతే. ఎన్ని ఊర్లు తిరుగుత, ఎన్నెన్ని ఎంట్రుకలు జూస్త నేను! మంచిగ తిను. పరేషాన్ గాకు."

ఆ మాట వింటే నా కథ అక్కడే అయిపోయేది. కానీ సూదులమ్మే ఆమెకేం తెలుసని నేను వినలేదు. పైగా అంత జుట్టుకు ఆమె ఇచ్చిన పిన్నీసుల అట్ట చూస్తే ఏడుపొచ్చింది.

అక్కడి నుంచి అందరూ డాక్టర్లే. మా వాడలో వాళ్ళు బోరు నీళ్ళ వల్లేనన్నారు. కంపెనీల మురికి వాగులో కలిసి బోర్లు రంగు మారుతున్న రోజులవి, అందుకని నమ్మేశాను. పొలంలోని బావి నుంచి బిందెలు మోసుకొచ్చి తలంటుకున్నాను. బల్ల దగ్గర ఒకామె టోపీలో గాలాడకేనంది. ఇంకొకామె షాంపూ పొట్లాలంది. "మీ నాయనకు బట్టతల ఉన్నదా?" అని మూడో ఆమె అడిగింది. ఉంది. ఆ రోజంతా మా నాయన నున్నటి నెత్తే నా కళ్ళ ముందు తిరిగింది.

మా అత్తమ్మ మాత్రం తేల్చి చెప్పింది. "దిష్టి తాకింది. ఇగ ఒక్కపొద్దులుండు. సోమారం, గురువారం, శనివారం. దేవుడే సూసుకుంటడు." ఒక్కపొద్దంటే ఆ రోజు ఒకే పూట తినడం, అదీ పొద్దుగూకినాక. వారానికి మూడు రోజులు ఖాళీ కడుపుతో బల్ల దగ్గర కూర్చునేదాన్ని. ఆమె మందారాకు, గుంటగలగరాకు, మెంతులు వేసి ఆముదం కాచింది. అది జిగురుగా, చిక్కగా, అరచేతి నుంచి వదిలేది కాదు. దాన్ని చూసి నాకొక తెలివి పుట్టింది. ఇంత ఆముదం పట్టిస్తే ఊడిన వెంట్రుక కూడా నెత్తికే అతుక్కుని ఉంటుంది, బల్ల మీద పడదు అనుకున్నాను. రోజూ ఆముదం మెత్తి, జడ బిగించి, దాని మీద గుడ్డ చుట్టి, ఆ పైన టోపీ పెట్టేదాన్ని. దువ్వడం మానేశాను. పది రోజులకోసారి జడ విప్పితే పది రోజులవి ఒకేసారి ఊడి చేతికొచ్చేవి. అది చూసి ఇంకా భయపడి ఇంకా ఆముదం పెట్టేదాన్ని.

ఆముదం వాసన కంపెనీ బస్సులో నా కన్నా ముందు ఎక్కేది. నా పక్క సీటు ఖాళీగా ఉండేది. టేపు లాగేటప్పుడు మేడం కూడా ముఖం పక్కకు తిప్పుకునేది. నాకు సిగ్గుగా ఉండేది, కానీ టేపు ఖాళీగా వస్తోంది కదా అని ఓర్చుకున్నాను.

ఇంట్లో మా ఆయన అన్నంలో వెంట్రుక వస్తే ఏమీ అనకుండా తీసి కంచం అంచున పెట్టేవాడు. తిట్టినా బాగుండేది. ఒకరోజు మూడు పెట్టాడు. నేనే ఊరుకోలేక అరిచాను, "ఏందది, నాకు లెక్క చూపిస్తున్నవా?" అని.

"నేనేమన్ననే? ఒక్క మాటన్నన్నా?" అని అతనూ కంచం నెట్టేసి లేచాడు. తర్వాతి రోజు నుంచి కూర అతనే వండాడు. ఉప్పు లేని కూర. అది కోపమో దయో నాకప్పుడు తెలియలేదు.

కార్తీకం రాగానే అత్తమ్మ నెలంతా ఒక్కపొద్దన్నది. గుడ్డు లేదు, మాంసం లేదు. నేను సరేనన్నాను. అప్పటికి నెత్తి మీద పాపిట వేలెడంత వెడల్పయింది. నెలంతా కాదు, ఏడాదంతా ఉండమన్నా ఉండేదాన్ని.

ఆ నెల మూడో శనివారం పొద్దున పదకొండు గంటలకు మా బల్ల మీద కట్టిన డబ్బాలో వెంట్రుక దొరికింది. నాణ్యత చూసే అతను డబ్బా తెచ్చి మేడం ముందు పెట్టాడు. ఆమె చిన్న పట్టకారుతో దాన్ని పైకి తీసింది. పొడవుగా, నల్లగా ఉంది. ఆమె దాన్ని ట్యూబ్‌లైటు కింద చాలాసేపు చూసింది. తర్వాత చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి పిన్ను కొట్టి, "సోమవారం మేనేజర్ గారు చూస్తారు. అందరూ డబ్బాలు విప్పండి" అంది. గొంతు బొంగురుగా ఉంది. కోపమేమో అనుకున్నాను.

ఎవరూ నా పేరు ఎత్తలేదు. పదకొండు మంది ఒకేసారి నన్ను చూసి ఒకేసారి తల దించుకున్నారు. నా వల్ల వాళ్ళు కట్టిన డబ్బాలన్నీ వాళ్ళే విప్పుతున్నారు. పోయిందనుకున్నాను. ఉగాది కాగితం పోయింది, మళ్ళీ గేటు బయటే, ఇక చీటీలో పేరు కూడా ఉండదు. చేతులు డబ్బాలు విప్పుతున్నాయి, చెవుల్లో హోరు. మధ్యాహ్నం మూడింటప్పుడు బల్ల పక్కకు జరిగినట్టనిపించింది. కళ్ళు తెరిస్తే కంపెనీ డిస్పెన్సరీలో ఉన్నాను. మేడం తలుపు దగ్గర నిలబడి ఉంది. నర్సు నా కింది రెప్ప లాగి చూసి, "రక్తమే లేదు నీ ఒంట్ల. పొద్దుగాల ఏం తిన్నవ్?" అంది. ఒక్కపొద్దన్నాను. మేడం నోరు తెరిచి, ఏదో అనబోయి, వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను, "రేపు గుట్ట మీది దేవుని దగ్గరకు పోదాం. గుండు చేయించుకుంట. సోమవారం గుండుతోటే పోయి మేడం ముందు నిలబడ్త. ఇగ రాలడానికేం ఉండదు గదా." అతను చొక్కా తగిలించుకుని బజారుకు పోయాడు. అత్తమ్మ మాత్రం మంచి మొక్కేనంది.

ఆదివారం పొద్దున ఇద్దరం పటాన్‌చెరు అడ్డ మీదికి వచ్చాం. గుట్టకు పోవాలంటే ముందు ఎక్కాల్సిన హైదరాబాద్ బస్సు వచ్చింది. నేను ఎక్కబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. రోడ్డు దాటించి సంగారెడ్డి బస్సెక్కించాడు.

"గుండు ఏడికీ పోదు. ముందుగాల డాక్టర్‌కు సూపిద్దాం. ఆయినె తనతోని కాదంటెనే గుట్ట." తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు, "నిన్న నువ్వు పడిపోయినవని చెప్పినంక, రాత్రే ఈ డాక్టర్ సంగతి అడిగొచ్చిన."

సంగారెడ్డిలో ఆ చర్మం డాక్టరు ఆదివారం మధ్యాహ్నం దాకా చూసేవాడు. గోడ వారగా పొడవాటి బెంచీ. చేతులు దాచుకునేవాళ్ళు కొందరు, ముఖం దాచుకునేవాళ్ళు కొందరు, కొంగు నెత్తి మీద కప్పుకున్నవాళ్ళం ముగ్గురం. ఎవరం ఎవరినీ చూడం. మా నంబరు ఇరవై రెండు. పక్కన బురఖాలో ఒక పెద్దామె నన్నే చూస్తూ, "చెహ్రా కైసా పీలా పడ్‌గయా బేటా" అని, ముఖం అంతగా పాలిపోయిందని జాలిపడి, తన చీటీ నా చేతిలో పెట్టి నాది తీసుకుంది. ఆమెది తొమ్మిది. వద్దన్నా వినలేదు. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

ఆ ఎదురుచూపులో పారేసిన మందుల డబ్బా అట్ట ఒకటి సంచిలో ఉంటే, దాని వెనక పెన్సిలుతో నా ప్రశ్నలు రాసుకున్నాను. డాక్టరు ముందు నోరు రాదేమోనని భయం.

డాక్టరు పెద్దాయన. ముందు నెత్తి చూడలేదు. కింది రెప్ప చూశాడు, గోళ్ళు చూశాడు. తర్వాత జుట్టు చిటికెడు పట్టుకుని మెల్లగా లాగితే ఆరు వచ్చాయి. వేళ్ళు తుడుచుకుని, "ఎంత ఆముదం అమ్మా ఇది!" అని, కొసలు వెలుగుకు పెట్టి చూశాడు. పూసలామె చూసినట్టే చూశాడు. "రాలడం మొదలవడానికి రెండు మూడు నెలల ముందు పెద్ద జ్వరం వచ్చిందా?"

వచ్చిందని తల ఊపాను. అట్ట ముందుకు నెట్టాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని ఒక్కొక్కటే చదివాడు.

"రాలినవి మళ్ళీ వస్తాయా? వస్తాయి. కానీ నేను చెప్తే నువ్వు నమ్మవు, వచ్చినప్పుడే నమ్ముతావు. నీళ్ళ వల్లనా? ఆ బోరు నీళ్ళు తాగకండి, అది వేరే సంగతి. ఈ రాలడం మాత్రం జ్వరం వల్ల. ఒంటికి పెద్ద దెబ్బ తగిలితే జుట్టు పెరగడం ఆపేసి, రెండు మూడు నెలలకు ఊడుతుంది. టోపీ వల్లనా? కాదు. నాన్న బట్టతల? అది ఇంత ఉన్నట్టుండి రాదు. ఆముదం? నష్టం లేదు, లాభమూ లేదు, వాసన తప్ప. దువ్వితే ఎక్కువ రాలతాయా? ఊడేది ఎట్లాగూ ఊడుతుంది, దువ్వు."

"గుండు చేయించుకుంటే ఒత్తుగ వస్తదంటరు, సార్."

"దేవుడి మొక్కయితే చేయించుకో, నేనెవర్ని కాదనడానికి? మందనుకుని మాత్రం చేయించుకోకు. కత్తి పైన తిరుగుతుంది, వేరు లోపల ఉంటుంది." అట్ట పక్కన పెట్టి అడిగాడు, "ఈపాటికి తగ్గుముఖం పట్టాలి. ఎందుకు పట్టలేదు? రోజుకు ఎన్ని పూటలు తింటున్నావు?"

చెప్పాను. మొదట వారానికి మూడు రోజులు, ఇప్పుడు నెలంతా. ఎందుకని అడిగాడు. జుట్టు కోసమని చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టాడు.

"తల్లీ, జుట్టు కోసం నువ్వుంటున్న ఉపవాసాలే నీ జుట్టును లేవనివ్వట్లేదు."

నేను అక్కడే ఏడ్చాను. సిగ్గు పడకుండా, మా ఆయన ముందే. రక్తం పరీక్షకు రాశాడు, ఇనుము మాత్రలు రాశాడు. పప్పు, ఆకుకూర, గుడ్డు, కార్జం తినమన్నాడు. ఇంకా రెండు నెలలు రాలతాయి, భయపడొద్దన్నాడు. అందరిదీ ఇదే కాదనీ, రూపాయి బిళ్ళలా గుండ్రంగా ఊడినా, నెత్తి మీద పుండ్లు లేచినా అది వేరే జబ్బనీ, అప్పుడు ఆముదాలతో కూర్చోకూడదనీ కూడా అన్నాడు.

ఇంటికొచ్చి అట్ట మీద ప్రతి ప్రశ్న కిందా ఆయన చెప్పింది రాసుకున్నాను. మొదటిదాని కింద మాత్రం ఖాళీ వదిలాను. వచ్చినప్పుడు రాద్దామని.

అత్తమ్మతో చెప్పడానికి భయమేసింది. విని ఆమె ముఖం మాడ్చుకుంది. "కార్తీకం నడుమల ఇడుస్తరా? దేవునితోని ఆటలా?" అంది. పెరట్లోకి పోయి చాలాసేపు కూర్చుంది. వచ్చి పొయ్యి మీద గిన్నె పెట్టింది. ఆ నెలలో గుడ్డు ముట్టని మనిషి, ముఖం అటు తిప్పుకుని గుడ్డు ఉడకబెట్టి నా కంచంలో వేసింది. "తిను. నీ పొద్దులు నేనుంట. దేవునికి నేను జెప్పుకుంట." నెలాఖరు దాకా ఉంది. అప్పటిదాకా ఆమెను నేను మనసులో తిట్టుకున్న తిట్లన్నీ ఆ గుడ్డుతో పాటు మింగేశాను.

సోమవారం మేనేజర్ గదిలో నిలబడ్డాను. ఎట్లాగూ పోయేదే, నేనే చెప్పేద్దామనుకుని, "సార్, అది నాదే గావచ్చు" అన్నాను.

"కాదు" అంది మేడం. కవర్ విప్పి ఆ వెంట్రుకను తెల్లకాగితం మీద పెట్టింది. "సుగుణా, నీదొకటి ఇవ్వు." ఇచ్చాను. పక్కన పెట్టింది. నా వెంట్రుక చుట్టూ నూనె పీల్చుకుని కాగితం మీద మరక గీత పడింది. రెండోది పొడిగా ఉంది, కింద ఏమీ లేదు. "రెండు నెలలుగా ఈమె ఆముదంలో మునిగి ఉంది సార్. ఈమెదైతే ఆ డబ్బాకే మరక పడేది. ఎవరిదో తెలియదు, ఈమెది మాత్రం కాదు."

మేనేజర్ కాగితం వాసన చూసి, ముక్కు చిట్లించి, సరే పొమ్మన్నాడు. బస్సులో నన్ను ఒంటరిగా కూర్చోబెట్టిన ఆముదమే నన్ను కాచింది. బయటికొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

డాక్టరు చెప్పినట్టే పుష్యం దాకా రాలుతూనే ఉన్నాయి. తింటూనే భయపడ్డాను, దువ్వుతూనే లెక్కపెట్టాను. మాఘంలో ఒక పొద్దున బొట్టు పెట్టుకుంటుంటే నుదుటి అంచున ఏదో గరుగ్గా తగిలింది. నారుమడిలా పొట్టివి, నిలువుగా లేచినవి. అద్దాన్ని గుమ్మం దగ్గరికి తీసుకుపోయి ఎండలో చూశాను. అత్తమ్మను పిలిచి చూపించాను. అయినా అట్ట మీద ఏమీ రాయలేదు. మళ్ళీ ఊడితే?

ఫాల్గుణంలో పర్మనెంట్ కాగితం వచ్చింది. ఆ వారమే మేడం నన్ను ఖాళీ డబ్బాలుండే గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"ఆ సంగారెడ్డి డాక్టరు ఎక్కడుంటారు సుగుణా?"

ఎందుకని అడిగేలోపు ఆమె టోపీ తీసింది. కొప్పు పెద్దగానే ఉంది, కానీ అది సవరం. నడినెత్తిన తెల్లగా చర్మం కనిపిస్తోంది. ఏడాదిగా ఇంతేనంది. తర్వాత నేల చూస్తూ అంది, "ఆ వెంట్రుక నాది. లైటు కింద పెట్టగానే తెలిసింది. ఇన్‌ఛార్జ్‌దే దొరికిందంటే ఇక నన్ను ఉంచుతారా? నువ్వు పడిపోయినప్పుడైనా చెబుదామనుకున్నాను. నోరు రాలేదు."

నాకు ఒళ్ళు మండింది. ఆ రెండు రోజులు, ఆ పదకొండు మంది చూపులు, గుట్టకు బయలుదేరిన పొద్దు అన్నీ గుర్తొచ్చాయి. "నేను గుండుకు పోయిన మేడం. బస్సెక్కబోయిన. మా ఆయన ఆపకపోతే సోమవారం మీ ముందట గుండుతోటి నిలబడేదాన్ని" అన్నాను. గొంతు పెద్దదే అయింది. ఆమె టోపీని రెండు చేతులతో నలుపుతోంది. ఏడాదిగా ప్రతి పొద్దూ మా భుజాల మీద టేపు లాగుతూ, తన భుజాలు ఎవరూ చూడకుండా ఎలా బతికిందో అనుకున్నాను. కోపం పూర్తిగా పోలేదు. కానీ ఆ భయం నాకు తెలిసిందే.

పర్సులోంచి అట్ట తీసి ఇచ్చాను. ఆమె వెలుగులోకి తిప్పి మొదటి లైను పైకి చదివింది. "రాలినవి మళ్ళీ వస్తాయా?" కింద ఖాళీ చూసి నా ముఖంలోకి చూసింది.

నేను టోపీ తీసి ఆమె ముందు తల వంచాను. ఆమె చెయ్యి కాసేపు గాలిలో ఆగి, మెల్లగా నా నుదుటి అంచున ఆనింది.

"గుచ్చుకుంటున్నాయే" అంది.